పాత కప్పు మీద కొత్త రేకులు

మానవునికి కూడు, గుడ్డ, గూడు అనే మూడు ముఖ్యమైన అవసరములు అని మనము చిన్న తరగతుల్లోనే చదువుకున్నాము. మన గోడ పత్రికలో కూడు గురించి, అంటే పౌష్టికాహారము గురించి రెండుసార్లు వచ్చింది. గూడు గురించి ఎవరూ రాయలేదు. అందుకని నేను ఇంటి కప్పు గురించి రాస్తున్నాను.

సెలవులకు పోయి వచ్చిన ప్రతిసారి మన హాస్టలులో ఎవరో ఒకరు "మా ఇంటికి రేకులేసినం" అని సంతోషంగా చెప్తారు. పాత కప్పు తీసి వేసిండ్రా, దాని మీదనే వేసిండ్రా అని నేను అడుగుతాను. చాలామంది "దాని మీదనే" అంటారు. అట్లా వేయవచ్చునా? వేస్తే ఏమేమి చూసుకోవాలి? ఎప్పుడు వేయకూడదు? ఇదే ఈ పాఠము.

1. మన దిక్కు కప్పులు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబరు 11 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. జిల్లా ఒక్కటే అయినా కప్పులు మాత్రం ఒక్క తీరు కావు.

అ) గడ్డి కప్పు: నల్లమల అడవిలో మా చెంచుల ఇల్లు గుండ్రంగా ఉంటుంది. గోడ వెదురు తడిక. కప్పు గొడుగులాగా పైకి మొనదేలి ఉంటుంది. ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు 1940లో మా అడవికి వచ్చి, చెంచుల గురించి 1943లో పెద్ద పుస్తకము అచ్చు వేయించినాడు. మా ఇండ్ల గురించి అందులో ఉన్నది.

ఆ) పెంకు కప్పు: ఇందులో రెండు రకములు. కుమ్మరి చేసే గూన పెంకు ఒకటి. మిషను మీద అచ్చు వేసిన పెంకు రెండవది. దీనిని మన దిక్కు బెంగుళూరు పెంకు అంటారు గాని అసలు పేరు మంగుళూరు పెంకు. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగుళూరులో దీనికి కార్ఖానా పెట్టినారు.

ఇ) మట్టి మిద్దె: గద్వాల దిక్కు నుండి వచ్చిన అక్కలు చెప్పినారు. దూలాల మీద కట్టెలు పరిచి, వాటి మీద మందంగా మట్టి వేస్తారు. ఎండకు చల్లగా ఉంటుంది. కాని ముసురు పట్టితే మట్టి నీళ్ళు తాగి చాలా బరువు అవుతుంది.

ఈ) సిమెంటు రేకులు: వీటి గురించి చివరలో చెప్తాను. వీటితో జాగ్రత్త.

2. ఇనుప రేకు ఎట్లా పుట్టింది

ఇనుప రేకును అలలు అలలుగా వంచవచ్చునని 1829లో హెన్రీ పామర్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. ఎందుకు వంచాలి? మీరే చేసి చూడండి. రెండు పుస్తకముల మధ్య ఒక కాగితము పెట్టి దాని మీద పెన్సిలు పెట్టండి. కాగితము కిందికి జారిపోతుంది. అదే కాగితమును విసనకర్రలాగా మడతలు వేసి పెట్టండి. ఇప్పుడు పెన్సిలును మోస్తుంది. కాగితము మారలేదు. వంపు వచ్చింది, బలము వచ్చింది.

ఇనుము గాలి, నీరు రెండూ తగిలితే తుప్పు పడుతుంది. దీనికి ఉపాయము ఫ్రాన్సు దేశపు సోరెల్ 1837లో పేటెంటు చేసినాడు. కరిగిన జింకులో ఇనుమును ముంచి తీయడం. దీనినే గాల్వనైజింగ్ అంటారు. షాపులో "జి.ఐ. రేకు" అంటే ఇదే. జింకు గొప్పతనము ఏమంటే, రేకు మీద చిన్న గీత పడినా ఇనుముకంటే ముందు తానే కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. కాని జింకు అయిపోయిన తరువాత ఇనుము వంతు వస్తుంది.

3. మన వాళ్ళు రేకులు ఎందుకు వేస్తున్నారు

గడ్డి కప్పును కొన్నేండ్లకు ఒకసారి మళ్ళీ కప్పాలి. గడ్డి కోయాలి, మోయాలి, కట్టాలి. అది రెండు చేతుల పని కాదు, నలుగురు కలవాలి. పెంకు ఇంటికేమో కోతులు శత్రువులు. పెంకులు లేపి చూస్తవి, కింద పడేస్తవి. పగిలిన పెంకు జాగాలో పెట్టడానికి అదే అచ్చు పెంకు ఇప్పుడు దొరకడము కష్టము. ఒక అచ్చు పెంకు ఇంకొక అచ్చులో కూర్చోదు. సందులోనుంచి వాన కారుతుంది. అందుకని రేకులు తెస్తారు. కూలి మిగులుతుందని, పాత కప్పు తీస్తే ఒక రాత్రి ఆకాశము కింద పండాలని, దాని మీదనే వేస్తారు.

చెంచుల వంటి ఆదిమ తెగలకు పక్కా ఇండ్లు కట్టాలని 2023 నవంబరు 15న పి.ఎం. జన్‌మన్ పథకము మొదలుపెట్టినారు. అటువంటి ఇల్లు వచ్చిన వాళ్ళకు ఈ పాఠము అక్కర లేదు. రాని వాళ్ళకు ఈ ఏడు వాన కూడా పాత ఇంటి మీదనే పడుతుంది కదా.

4. మా పెంటలో జరిగిన సంగతి

మా పెంటలో ఒక ఇంటికి పెంకుల మీదనే రేకులు వేసినారు. చూడడానికి మెరిసిపోయింది. అందరూ బాగుందన్నారు. రెండు వానాకాలములు బాగానే గడిచింది. మూడో ఏడు ఒక రాత్రి వానలో నడుమ వాసము విరిగి పెంకులు, రేకులు కలిసి లోపల పడినవి. పండుకున్న పిల్లవాని చెయ్యి విరిగింది. వాడు మా తమ్ముని ఈడు వాడు. ఇప్పటికీ ఆ చెయ్యి సక్కగా చాపలేడు.

తెల్లవారి ఆ వాసమును చూసినాము. పైన తోలు మాత్రమే ఉన్నది. లోపలంతా చెదలు తిని మట్టి నింపినవి. రేకు వేసిన నాటికే అది తిని ఉండవచ్చు. కాని రేకు వేసినాక వాన కారలేదు కాబట్టి ఎవరూ తల ఎత్తి చూడలేదు. వాన కారే ఇల్లు మనకు చెప్తుంది, "నన్ను చూడండి" అని. మూసిన కప్పు ఏమీ చెప్పదు.

అందుకే మా ఇంటికి రేకులు వేసేటప్పుడు మా అవ్వ గడప మీద కూర్చుని ఒక్కటే మాట అన్నది: "తాడు చూడకుండ తేనెకు దిగుతర్రా?" మా వాళ్ళు తేనె కోసము కొండ అంచున తాడు పట్టుకుని దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిదే. దిగే ముందర తాడును మూర మూరా వేళ్ళతో పట్టి చూస్తారు. ఇల్లు కూడా అట్లాగే చూడాలని అవ్వ మాట.

5. మా ఇంటికి ఎట్లా వేసినారు

మా అయ్య రేకులు కొనుక్కొచ్చి పెంకులన్నీ పీకి పారేద్దామన్నాడు. అవ్వ వద్దన్నది. "ఉత్త రేకు కింద ఎండకాలం మనిషి ఉడికిపోతడు, పెంకు ఉండనియ్" అన్నది. వడ్లాయన ఇద్దరి మాట విని, ముందు కట్టెను చూద్దాం, కట్టె ఏమి చెప్తే అది చేద్దామన్నాడు. పని మూడు రోజులు పట్టింది. నేను కింద నుండి మేకులు అందిస్తూ అన్నీ చూసినాను.

మొదటి పని: ప్రతి వాసము మీద అక్కడక్కడ పెంకులు తీసి చూసినారు. వడ్లాయన స్క్రూ డ్రైవరుతో పొడిచినాడు. మంచి కట్టె అయితే మొన దిగదు, టక్ మని చప్పుడు వస్తుంది. చెడిన కట్టె అయితే మెత్తగా దిగుతుంది, చప్పుడు బోలుగా ఉంటుంది. చూరు దగ్గర, గోడ మీద వాసము ఆనే చోట ముఖ్యంగా చూడాలి. అక్కడే తడి, అక్కడే చెద. మా ఇంటికి రెండు వాసములు చెడినవి. ఆ రెండు మార్చినారు.

రెండవ పని: రేకును పెంకుల మీద ఉట్టిగా పరచకూడదు. మనిషి ఎక్కితే పెంకు పగులుతుంది, రేకు ఊగుతుంది. అందుకని వాసముల మీద వరుసగా ఒక్కొక్క పెంకు తీసి, ఆ జాగాలో చెక్క దిమ్మను వాసమునకే దిగ్గొట్టినారు. దిమ్మ పెంకుల కంటే ఎత్తుగా ఉంటుంది. ఆ దిమ్మల మీద అడ్డంగా కట్టెలు వేసి బిగించినారు. ఇప్పుడు రేకు బరువు పెంకు మీద పడదు, వాసము మీద పడుతుంది. రేకుకూ పెంకుకూ నడుమ నాలుగు వేళ్ళ సందు ఉంటుంది.

మూడవ పని: రేకులు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. పై రేకు కింది రేకు మీద ఆరు అంగుళాలు ఎక్కాలి. పక్క రేకు ఒకటిన్నర అల మీద ఎక్కాలి. వానగాలి వచ్చే దిక్కుకు అతుకు నోరు తెరిచి ఉండకూడదు. మనకు వానాకాలము గాలి పడమటి నుండి వస్తుంది కాబట్టి తూర్పు కొస నుండి మొదలుపెట్టినారు.

నాలుగవ పని: రంధ్రము ఎప్పుడూ అల ఎత్తులో వేయాలి, పల్లములో కాదు. పల్లములో నీళ్ళు పారుతవి. జె హుక్కుకు వాచరు తప్పనిసరి. మరీ బిగించితే వాచరు నలిగి అక్కడే కారుతుంది.

ఐదవ పని: చూరు దగ్గర, కొప్పు దగ్గర సందును మూసివేయలేదు. జాలీ కొట్టినారు. గాలి పోతుంది, పాము, ఎలుక, కోతి పోవు.

6. బరువు లెక్క

మా ఇంటి పెంకును కిరాణ కొట్టు కాంటాలో తూచినాను. రెండున్నర కిలోలు ఉన్నది. చదరపు మీటరుకు ఇటువంటివి సుమారు 15 పడతవి. మా కప్పు సుమారు 28 చదరపు మీటర్లు.

పెంకులు: 28 × 15 = 420
బరువు: 420 × 2.5 = 1050 కిలోలు

పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, అర మిల్లీమీటరు మందము ఉన్న రేకు సుమారు 13 కిలోలు ఉంటుంది. మాకు 12 రేకులు పట్టినవి.

రేకులు: 12 × 13 = 156 కిలోలు

అంటే రేకుల బరువు పెంకుల బరువులో ఏడవ వంతు. అడ్డ కట్టెలు కలిపితే ఇంకొంచెము. మంచి వాసములకు ఇది భారము కాదు. కాని చెడిన వాసము తన పాత బరువునే మోయలేక మోస్తుంటుంది. దానికి ఏడవ వంతు కూడా ఎక్కువే.

7. గాలి దుమారము

రేకు తేలిక కదా, మంచిదే కదా అని మీరు అనుకోవచ్చు. బరువుకు మంచిదే, గాలికి మంచిది కాదు. కప్పు మీద గాలి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఇంటి లోపలి గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. అప్పుడు కప్పు పైకి లేస్తుంది. పెంకును దాని బరువే పట్టి ఉంచుతుంది. రేకుకు ఆ బరువు లేదు. దానిని హుక్కు పట్టాలి, హుక్కును అడ్డ కట్టె పట్టాలి, కట్టెను వాసము పట్టాలి, వాసమును గోడ పట్టాలి. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా రేకు ఎగిరిపోతుంది. అంచులలో, కొప్పులో గాలి ఎక్కువ లాగుతుంది కాబట్టి అక్కడ హుక్కులు దగ్గర దగ్గరగా వేయాలి. చూరు బయటికి ఒక అడుగు కంటే ఎక్కువ రానీయకూడదు.

చాలా ఊర్లలో రేకుల మీద రాళ్ళు పెడతారు. రేకు లేచిన నాడు రాయి కూడా లేస్తుంది. 2024 మే 26న మన నాగర్‌కర్నూల్ జిల్లాలో పెద్ద గాలివాన వచ్చింది. తాడూరు మండలం ఇంద్రకల్ దగ్గర కడుతున్న కోళ్ళ షెడ్డు కూలి నలుగురు చనిపోయినారు. మన దిక్కు ఎండాకాలపు గాలి అంత బలమైనది. రాయి పెట్టినాము కదా అని నిద్ర పోకూడదు.

8. వేడి, చెమట, చప్పుడు

లోహము వేడిని త్వరగా తీసుకుంటుంది, త్వరగా వదులుతుంది. ఎండకు కాలిన ఉత్త రేకు కింద నిలబడితే నెత్తి మీద నిప్పుల కుంపటి పెట్టినట్లుంటుంది. పాత పెంకు కింద ఉంటే రేకు వేడి ముందర సందులోని గాలికి తగులుతుంది. వేడెక్కిన గాలి తేలికై కొప్పు జాలీలోనుంచి బయటికి పోతుంది, చూరు నుండి వేరే గాలి వస్తుంది. గొడుగు కింద టోపీ పెట్టుకున్నట్లు. ఇక్కడ అవ్వ మాటే నెగ్గింది.

రేకుకు తెల్ల రంగు వేస్తే ఎండ కొంత వెనుకకు పోతుంది. కప్పులను చల్లగా ఉంచాలని తెలంగాణ ప్రభుత్వము 2023లో ఒక విధానమే తెచ్చింది.

వేడికి లోహము వ్యాకోచిస్తుంది. తెల్లవారుజాముకూ మిట్ట మధ్యాహ్నమునకూ రేకు వేడిలో 40 డిగ్రీల తేడా ఉంటే పది అడుగుల రేకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది. రాత్రి మళ్ళీ ముడుచుకుంటుంది. రాత్రిపూట రేకులు టప్ టప్ మనేది ఇందుకే. దయ్యము కాదు. అందుకే రంధ్రము హుక్కు కంటే కొంచెము పెద్దగా ఉండాలి.

చలికాలములో రేకు అడుగున చెమట పడుతుంది. మన ఊపిరిలోని, వంటలోని నీటి ఆవిరి చల్లని రేకుకు తగిలి నీళ్ళవుతుంది. గాలి ఆడే సందు ఉంటే ఆరిపోతుంది. లేకుంటే కట్టె నానుతుంది, చెద వస్తుంది.

వాన చప్పుడు కూడా తగ్గుతుంది. ఉత్త రేకు కింద వాన పడుతుంటే మన పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినబడదు. ఇప్పుడు మా ఇంట్లో వానలో కూడా మా తమ్ముడు ఎక్కాలు చదివితే నాకు వినబడుతుంది.

9. ఎప్పుడు వేయకూడదు

అ) గడ్డి కప్పు మీద రేకును అంటించి వేయకూడదు. గడ్డి ఇంట్లో పొయ్యి పొగ గడ్డి సందులలోనుంచి పోతుంది. ఆ పొగకు పురుగు పట్టదు, గడ్డి చాలా రోజులుంటుంది. పైన రేకు మూస్తే పొగ ఇంట్లోనే నిలిచి కండ్లు మండుతవి, అమ్మలకు దగ్గు వస్తుంది. గడ్డి నాని కుళ్ళుతుంది. ఎలుక చేరితే వెనుక పాము చేరుతుంది. రేకు వేయాలంటే గడ్డి తీసి వేయాలి, పొగకు దారి పెట్టాలి. తరువాత ఎండాకాలము రేకు మీద గడ్డి కప్పుకోవచ్చు, వాన రాకముందు తీసేయాలి.

ఆ) నానిన మట్టి మిద్దె మీద వేయకూడదు. మిద్దె పూర్తిగా ఆరిన తరువాత దూలాలు చూసి, రేకులకు వేరే కంబాలు నిలబెట్టి వేయాలి.

ఇ) పాత సిమెంటు రేకులకు రంధ్రాలు వేసి వాటి మీద ఇనుప రేకులు బిగించకూడదు. చాలా పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ అనే నార ఉంటుంది. కోసినా, పగలగొట్టినా ఆ దుమ్ము ఊపిరితిత్తులలోకి పోతుంది. ఆస్‌బెస్టాస్ అన్ని రకములూ క్యాన్సరు కలిగిస్తవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పగిలిన ముక్కలతో పిల్లలు ఆడకూడదు.

10. కరెంటుతో జాగ్రత్త

గడ్డికి, పెంకుకు లేని ప్రమాదము రేకుకు ఉన్నది. ఇనుము కరెంటును పోనిస్తుంది. సర్వీసు వైరు తోలు ఒరుసుకుపోయి రేకుకు తగిలితే ఇల్లంతా కరెంటు వస్తుంది. రేకుల కంబానికి బట్టలారేసే దండెం తీగ కట్టితే తీగకు కూడా వస్తుంది. తడి బట్ట పట్టుకున్న మనిషి అక్కడే పడిపోతుంది. కాబట్టి వైరు రేకును తాకకూడదు, ప్లాస్టిక్ గొట్టములోనుంచి తేవాలి. దండెమునకు తీగ వద్దు, నైలాన్ తాడు కట్టండి. ఎవరికైనా షాకు కొడితే వాళ్ళను చేతితో ముట్టుకోకుండా ముందు మెయిన్ బందు చేయాలి.

ముగింపు

పాత కప్పు మీద కొత్త రేకులు వేయవచ్చును. కాని రేకు వానను ఆపుతుంది గాని ఇంటిని మోయదు. మోసేది కింద ఉన్న పాత కట్టె. దానిని చూసి, చెడినది మార్చి, గాలికి సందు విడిచి వేస్తే రెండు కప్పులూ పనికి వస్తవి. చూడకుండ మూస్తే చెద పని సులువవుతుంది. సెలవులకు పోయినప్పుడు మీ ఇంటి చూరు దగ్గర ఒక్కసారి తల ఎత్తి చూడండి. అమ్మ నాయనలకు చదువు రాకున్నా, కట్టెను పొడిచి చూపిస్తే వాళ్ళకు మనకంటే త్వరగా అర్థమవుతుంది.

ప్రశ్నలు

1. రేకును అలలు అలలుగా ఎందుకు వంచుతారు? ప్రయోగముతో చెప్పండి.
2. మీ ఇంటి కప్పు పొడవు, వెడల్పు అడుగులలో కొలిచి, ఎన్ని రేకులు పడతవో లెక్క కట్టండి. అతుకుల కొరకు తీసివేయడము మరచిపోవద్దు.
3. రంధ్రమును అల పల్లములో వేస్తే ఏమవుతుంది?
4. మీ ఊరిలో కప్పు కట్టెలకు ఏ చెట్టు వాడుతారు? ఏ చెట్టుకు చెద తక్కువ పడుతుంది? పెద్దలను అడిగి రాయండి.

జవాబులు కాగితము మీద రాసి, పేరు, తరగతి వేసి శనివారము లోపల గోడ పత్రిక డబ్బాలో వేయగలరు. నాలుగో ప్రశ్న జవాబులన్నీ కలిపి వచ్చే సంచికలో పట్టిక వేస్తాము.

— 9వ తరగతి విద్యార్థిని